ఖలీఫా ఎదుట తిమోతి, మఠంలో యోహాను: ఇస్లాం తొలి కాలపు రెండు క్రైస్తవ రచనలపై విమర్శ

మన వేదాంత కళాశాలల్లో సంఘ చరిత్ర బోధించేటప్పుడు ఇస్లాం ఆవిర్భావానికి దక్కే చోటు చాలా తక్కువ. 622లో హిజ్రా, 632లో ముహమ్మదు మరణం, 636లో యర్మూకు యుద్ధం, 732లో ఫ్రాన్సు నేలపై అరబ్బు సేన ఓటమి, అక్కడినుండి ఒక్క గంతులో 1095లో క్రూసేడు పిలుపు. ఈ తేదీల మధ్య సిరియా, పాలస్తీనా, ఐగుప్తు, మెసపొటేమియాలలోని విశ్వాసులు ఎలా బ్రతికారు, తమ కొత్త పాలకుల విశ్వాసం గురించి ఏమని వ్రాసుకున్నారు అన్నది విద్యార్థికి తెలియకుండానే చదువు ముగుస్తుంది. దానికి బదులుగా ఒక్క మాట మాత్రం బాగా గుర్తుంటుంది: తూర్పు సంఘములు దుర్బోధలలో పడి చీలిపోయాయి గనుక దేవుడు వారిని అరబ్బుల చేతికి అప్పగించాడు. పరీక్షలో ఈ జవాబుకు మార్కులు కూడా పడతాయి. ప్రసంగ వేదికపై అది ఇంకా బాగా పనికివస్తుంది.

ఆ మధ్యకాలంలో వెలువడిన రెండు రచనలను విమర్శనాత్మకంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. మొదటిది దమస్కు యోహాను గ్రీకు భాషలో కూర్చిన దుర్బోధల పట్టికలోని నూరవ అధ్యాయం. రెండవది తూర్పు సంఘపు పాట్రియార్కు మొదటి తిమోతి సిరియాక్ భాషలో వ్రాసిన ఒక సుదీర్ఘ లేఖ. ఖలీఫా అల్-మహ్దీతో తాను జరిపిన సంభాషణను అందులో పొందుపరిచాడు. ఇద్దరూ ముస్లిం ప్రభుత్వం కింద బ్రతికినవారే. ఇద్దరూ ఆ విశ్వాసాన్ని పుకార్ల ద్వారా కాక దగ్గరగా ఎరిగినవారే. మత సంభాషణపై జరిగే సదస్సులలో తిమోతిని మెచ్చుకొని యోహానును పక్కన పెట్టడం ఇప్పుడు ఒక అలవాటైపోయింది. ఆ తీర్పులో సగంతోనే నేను ఏకీభవిస్తాను. పొరుగువాని మాట వినడంలో తిమోతి యోహాను కంటే ఎంతో ముందున్నాడు, సందేహం లేదు. అయితే ఈ రెండు రచనలలో సంఘానికి ఎక్కువ హాని చేయగల వాక్యం ఏదని అడిగితే, అది కూడా తిమోతి లేఖలోనే ఉంది. మన పరీక్ష జవాబు ఆ వాక్యానికి దగ్గరి చుట్టం.

ముందు నడిచిన చరిత్ర

451లో కల్కెదోను మహాసభ తరువాత తూర్పు ప్రాంత క్రైస్తవులు మూడు ముఖ్యమైన పాయలుగా చీలిన సంగతి అందరికీ తెలిసినదే. చక్రవర్తి పక్షాన నిలిచిన కల్కెదోనీయులు, క్రీస్తు ఏకస్వభావాన్ని నొక్కి చెప్పిన యాకోబీయులు, కోప్తులు, పారసీక రాజ్యంలో వేరుగా పెరిగిన తూర్పు సంఘస్థులు. ఈ చివరివారిని మన పుస్తకాలు ఇంకా నెస్టోరీయులనే పిలుస్తున్నాయి. 602 నుండి 628 వరకు రోమా, పారసీక రాజ్యాలు ఒకదానినొకటి నేలమట్టం చేసుకున్నాయి. 614లో పారసీకులు యెరూషలేమును పట్టుకొని సిలువ మ్రానును ఎత్తుకుపోయారు. 630లో హెరక్లియస్ చక్రవర్తి దానిని తిరిగి తెచ్చి నిలిపాడు. ఆ ఉత్సవం జరిగిన ఎనిమిదేళ్లకే ఆ పట్టణం ఖలీఫా ఉమరుకు లొంగిపోయింది.

లొంగిపోయిన సమయంలో యెరూషలేము పాట్రియార్కుగా ఉన్నది సొఫ్రోనియస్. కల్కెదోను సిద్ధాంతాన్ని ఆ తరంలో అతనికంటె గట్టిగా కాపాడినవారు అరుదు. చక్రవర్తి రాజీ కోసం తెచ్చిన కొత్త సూత్రాన్ని సైతం అతడు ఎదిరించాడు. దుర్బోధ వల్లనే పట్టణాలు పడిపోయాయన్న వాదన నిజమైతే, సరియైన బోధకు కావలి కాసిన ఈ వృద్ధుని పట్టణం ఎందుకు పడిపోయినట్టు? 634 క్రిస్మసు ప్రసంగంలో, సారసెనుల భయం వల్ల బేత్లెహేముకు వెళ్లలేకపోయామని అతడు విలపించాడు. ఏదెను తోట వాకిట ఆదాము నిలిచినట్టు తాము నిలిచామన్నాడు. అతడు కూడా దీనిని దేవుని శిక్షగానే చూశాడు, కాని ఎవరి పాపానికి? తమ పాపానికి. ఎదుటి సంఘం వైపు వేలు చూపలేదు.

తూర్పు సంఘపు కాథలికోసు మూడవ యీషోయాబు సాక్ష్యం వేరు. 650లలో వ్రాసిన లేఖల్లో అతడు, అరబ్బులు మన విశ్వాసాన్ని ఎదిరించడం లేదు, యాజకులను గౌరవిస్తున్నారు, మఠాలకు సహాయం చేస్తున్నారు అని చెబుతాడు. అదే లేఖలో ఇప్పటి ఒమాను ప్రాంతమైన మజూను క్రైస్తవుల మీద మండిపడతాడు. వారిని విశ్వాసం వదలమని ఎవరూ బలవంతపెట్టలేదు, ఆస్తిలో సగం మాత్రమే అడిగారు. వారు ఆస్తిని ఉంచుకొని విశ్వాసాన్ని వదిలేశారు అన్నది అతని ఫిర్యాదు. పన్ను గట్టున పడటానికి ప్రభువును విడిచిన విశ్వాసుల గురించి ఒక కాపరి కడుపుమంట అది. కత్తి చూపి మతం మార్చారన్న ఒక్క సూత్రంతో ఈ కాలమంతటినీ చదివేవారు ఈ లేఖ ముందు ఆగక తప్పదు.

యాకోబీయుల వైపునుండి మనకు బాగా వినబడే మాట, రోమీయుల హింసనుండి తమను విడిపించడానికే దేవుడు ఇష్మాయేలీయులను రప్పించాడన్నది. దానిని విస్తారంగా అందించిన గ్రంథం 1199లో మరణించిన పాట్రియార్కు మిఖాయేలు చరిత్ర. పాత మూలాలను అతడు వాడుకున్న మాట నిజమే గాని, 630లలో పొలం గట్టున నిలబడి సైన్యాలను చూసిన రైతు అలాగే అనుకున్నాడని దానినిబట్టి తేల్చలేము. తమ తరువాతి కష్టాలకు, తమ పాత పగలకు అర్థం చెప్పుకొనే పని చరిత్రకారులు ఎప్పుడూ చేస్తూనే ఉంటారు.

దమస్కు యోహాను: నూరవ దుర్బోధ

యోహాను తాత మన్సూరు దమస్కు పట్టణపు పన్నుల వ్యవహారం చూసిన అధికారి. 635లో పట్టణం అరబ్బులకు లొంగిన సందర్భంతో అతని పేరు ముడిపడి ఉంది. తండ్రి సర్జూను ఉమయ్యదు ఖలీఫాల కొలువులో అదే పని కొనసాగించాడు. యోహాను ఆ కొలువును విడిచి యెరూషలేము ప్రాంతంలో సన్యాసిగా స్థిరపడ్డాడు. అది మార్ సాబా మఠమని సంప్రదాయం చెబుతుంది. 750 ప్రాంతంలో మరణించాడు. అంటే ఖలీఫా దర్బారు మెట్లు ఎక్కిన కుటుంబంలో పుట్టినవాడు, అరబ్బుల విశ్వాసం గురించి వ్రాయడానికి అప్పటికి అతనికున్నంత అర్హత గ్రీకులో వ్రాసే మరొకరికి ఉండదు.

అతని మహాగ్రంథమైన 'జ్ఞానపు ఊట'లో రెండవ భాగం దుర్బోధల పట్టిక. ఇందులో మొదటి ఎనభై అధ్యాయాలు చాలామట్టుకు నాలుగవ శతాబ్దపు ఎపిఫానియస్ నుండి తీసుకున్నవే. చివర ఇష్మాయేలీయుల మతం. ఈ అధ్యాయం యోహానుది కాదేమో అని కొందరు పండితులు సందేహించినా, అది అతని రచనే అన్న అభిప్రాయం వైపు ఇప్పుడు ఎక్కువమంది ఉన్నారు. 1972లో డేనియల్ సహాస్ వెలువరించిన పుస్తకం ఈ చర్చకు గట్టి పునాది వేసింది.

అధ్యాయం మూడు పేర్లతో మొదలవుతుంది: ఇష్మాయేలీయులు, హాగరీయులు, సారసెనులు. మూడవ పేరుకు శారా తనను వట్టి చేతులతో పంపివేసిందని హాగరు చెప్పినందువల్ల ఆ పేరు వచ్చిందని వివరణ. ఇది శబ్దసామ్యం మీద కట్టిన కథ, అంతకుమించి ఏమీ లేదు. ఆ తరువాత ముహమ్మదు పాత, కొత్త నిబంధనలను విని, అరియు బోధను అనుసరించే ఒక సన్యాసితో మాట్లాడి తన బోధను కూర్చుకున్నారని చెబుతాడు. ఎవరి మతమైనా మన మతంనుండి దొంగిలించిన ముక్కేనని చెప్పే అలవాటుకు ఇది తొలి రూపాలలో ఒకటి.

అయితే వెంటనే వచ్చే పేరాను నిదానంగా చదవాలి. క్రీస్తు గురించి ముస్లింలు ఏమి నమ్ముతారో యోహాను అక్కడ వివరిస్తాడు. ఆయన దేవుని వాక్కు, దేవుని ఆత్మ. అయినా సృష్టింపబడినవాడు, దాసుడు. కన్యయైన మరియమ్మకు పురుషుని ప్రమేయం లేకుండా పుట్టాడు. సిలువ వేయబడలేదు, దేవుడు ఆయనను తన యొద్దకు ఎత్తుకున్నాడు. ఈ వివరణలో ఎగతాళి లేదు, తప్పు కూడా దాదాపు లేదు. ఖలీఫా అబ్దుల్ మాలిక్ యెరూషలేములో కట్టించిన శిలాగుమ్మటం లోపల 691-692 నాటి అరబీ శాసనం ఉంది. మరియమ్మ కుమారుడైన యేసు దేవుని వాక్కు, ఆయనయొద్దనుండి వచ్చిన ఆత్మ అనీ, ముగ్గురు అని చెప్పవద్దనీ అది హెచ్చరిస్తుంది. యోహాను చెప్పినదానికీ ఆ శాసనానికీ ఉన్న దగ్గరితనం గమనార్హం.

వాదన విషయానికి వస్తే, అతని బలమైన సమాధానం ఒకటుంది. ముస్లింలు మనలను దేవునికి భాగస్వాములను కల్పించేవారని అంటున్నారు. అలాగైతే వాక్కునూ ఆత్మనూ దేవునినుండి వేరుచేసిన మీరు దేవుణ్ణి ముక్కలు చేసినవారు కారా అని అతడు తిప్పి అడుగుతాడు. దేవుడు ఎప్పుడైనా వాక్కు లేకుండా, ఆత్మ లేకుండా ఉన్నాడా? త్రిత్వమును గూర్చి తరువాతి అరబీ క్రైస్తవ రచయితలందరూ ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగారంటే అతిశయోక్తి కాదు.

అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. ఆ తరువాతి పేజీలు వెటకారంలోకి జారిపోతాయి. కాబాలోని రాయి, బహుభార్యాత్వం, జైదు భార్య వృత్తాంతం వరుసగా వస్తాయి. ఆపైన 'దేవుని ఒంటె' అనే పేరుగల ఒక అధ్యాయం ఉందని చెప్పి, ఆ ఒంటె ఎక్కడికి పోయింది, పరలోకంలో ఏమి తాగుతుంది అని సాగదీసి నవ్విస్తాడు. ఖురాన్‌లో అటువంటి పేరుగల సూరా లేదు. సాలిహు ప్రవక్త ఒంటె కథ మాత్రం పలుచోట్ల వస్తుంది. అధికారుల ఇంట పెరిగిన మేధావికి అది తెలుసుకోవడం కష్టమా? కాదు. తెలుసుకోవలసిన అవసరం లేకపోయింది. ఎందుకంటే చదివేవాడు మఠంలోని సన్యాసి. ఎదుట కూర్చొని, అయ్యా ఆ సూరా ఎక్కడుందో చూపండి అని అడిగేవారెవరూ లేరు. ఈ అధ్యాయపు గుణం, దోషం రెండూ ఇక్కడే ఉన్నాయి. క్రీస్తు విషయం వచ్చినప్పుడు సొంత సిద్ధాంతం పణంగా ఉంది గనుక జాగ్రత్తగా వ్రాశాడు. ఒంటె విషయంలో పణంగా ఏమీ లేదు.

నూటికి ఒకటిగా ఆ మతాన్ని దుర్బోధల పట్టికలో చేర్చడాన్ని గురించి కూడా ఒక మాట. మన బంధువర్గంలోనిదే అని గుర్తించడం అందులో ఉంది. దానిని వేరొక విశ్వాసంగా, దాని మాటల్లో అది వినిపించే అవకాశం ఇవ్వకపోవడం కూడా అందులోనే ఉంది. మన సంఘములలో ఇస్లాం గురించి పంచే చిన్న పుస్తకాలను తిరగేస్తే, గ్రంథకర్తలకు యోహాను పేరు తెలియకపోయినా క్రమం మాత్రం అతనిదే: సన్యాసి, రాయి, పెళ్లిళ్లు, ఆపైన నవ్వు. క్రీస్తు గురించి అతడు వ్రాసిన నిజాయితీ గల పేరా ఒక్కటే కనబడదు.

ఇంత వ్రాసిన యోహానును సొంత సామ్రాజ్య సంఘం ఏమన్నదో కూడా చెప్పుకోవాలి. 754లో ప్రతిమలకు వ్యతిరేకంగా హియెరియాలో కూడిన సభ అతణ్ణి మన్సూరు అనే అరబీ పేరుతో శపిస్తూ, సారసెనుల బుద్ధి కలవాడని నింద వేసింది. 787లో నీకయ రెండవ మహాసభ ఆ నిందను తొలగించింది. ఇస్లామును నూరవ దుర్బోధగా వ్రాసినవాడికే ఆ బిరుదు దక్కితే, ముస్లిం పొరుగువారితో మర్యాదగా మాట్లాడినందుకు మాటలు పడే నేటి కాపరులు ఒంటరివారేమీ కారు.

తిమోతి: రెండు రోజుల సంభాషణ

తిమోతి 780 నుండి 823 వరకు తూర్పు సంఘానికి అధిపతి. అబ్బాసిదుల కొత్త రాజధాని బాగ్దాదుకు తన పీఠాన్ని మార్చుకున్నాడు. ఖలీఫా కోరికపై అరిస్టాటిల్ తర్కగ్రంథం ఒకదానిని అరబీలోకి తెప్పించడంలో పాలుపంచుకున్నాడు. తురుష్కుల మధ్యకు, చైనాకు మెట్రోపాలిటన్లను నియమించాడు. చైనాలో షియాను శిలాశాసనం నిలిచింది 781లో, అతని హయాములోనే. భారతదేశంలోని విశ్వాసుల పర్యవేక్షణ కూడా అతని లేఖలలో ప్రస్తావనకు వస్తుంది. మన దేశపు పాత సంఘానికి ఇది నిజమైన సంబంధం. తిమోతి మరణించిన ఇరవై ఆరేళ్లకు, 849లో కేరళలోని కొల్లంలో తరిసా దేవాలయానికి రాగిరేకులపై దానపత్రం వ్రాసి ఇచ్చారు. దాని సాక్షుల సంతకాలు అరబీ, పహ్లవీ, హెబ్రీ లిపులలో ఉన్నాయి. ముస్లిము సాక్షి సంతకంతో క్రైస్తవ దేవాలయం హక్కులు పొందిన లోకం అది.

781 లేదా 782లో ఖలీఫా అల్-మహ్దీ సన్నిధిలో రెండు రోజులు ఈ సంభాషణ జరిగింది. తిమోతి దానిని మిత్రుడైన సెర్గియుకు లేఖగా వ్రాశాడు. ఆరంభంలోనే, ఈ శ్రమవల్ల ఏమి ప్రయోజనమో అని తనకు అనాసక్తిగా ఉందని, నీ మీది ప్రేమతోనే వ్రాస్తున్నానని చెప్పుకుంటాడు. వాదంలో గెలిచి వచ్చినవాడి స్వరం కాదది. 1928లో అల్ఫోన్స్ మింగానా సిరియాక్ మూలాన్ని ఆంగ్లానువాదంతో ప్రచురించాక ఇది లోకానికి విస్తృతంగా అందింది. లేఖ మొత్తం తిమోతి కలంనుండి వచ్చినదే, ఖలీఫా వైపు రికార్డు లేదు. ఈ హెచ్చరికను మనసులో ఉంచుకొనే చదవాలి. అయినా ఒక్క విషయం అతని నిజాయితీకి సాక్ష్యం: ఖలీఫా ప్రశ్నలు బలహీనంగా లేవు. కల్పించి వ్రాసే రచయిత ప్రత్యర్థికి అంత పదునైన మాటలు ఇవ్వడు.

మొదటి ప్రశ్నే గట్టిది. మీవంటి జ్ఞాని దేవుడు స్త్రీని పెండ్లాడి కుమారుని కన్నాడని ఎలా అంటాడు? తిమోతి కోప్పడడు. అటువంటి దేవదూషణ ఎవరు పలికారని అడిగి, సూర్యునినుండి వెలుగు, మనసునుండి మాట పుట్టే విధానం చూపిస్తాడు. బజారులో మన సువార్తికులు ఈ రోజుకీ ఎదుర్కొనే ప్రశ్న ఇది. అడిగినవాని ఉద్దేశం చెడ్డది కాదని, అతడు విన్న 'కుమారుడు' అన్న మాటకు అతని మనసులో ఉన్న అర్థమే అడ్డుగా ఉందని గ్రహించి జవాబు చెప్పడం తిమోతి వద్ద నేర్చుకోవచ్చు.

లేఖనములను క్రైస్తవులు మార్చివేశారన్న ఆరోపణకు అతడిచ్చిన సమాధానం నేటికీ నిలుస్తుంది. యూదులకూ మాకూ పగ ఉంది, అయినా ప్రవక్తల గ్రంథాలు ఇద్దరి చేతుల్లోనూ ఒక్కటే. పగవారు కలిసి ఒకే దిద్దుబాటు ఎలా చేస్తారు? ఇది ఊరికే వాదనకోసం అన్న మాట కాదు. మరొక లేఖలో తిమోతి, యెరికో దగ్గర ఒక గుహలో హెబ్రీ గ్రంథాలు బయటపడ్డాయని, వేటగాని కుక్క లోపలికి పోగా అవి దొరికాయని విన్నట్టు వ్రాసి, కొత్త నిబంధనలో ఉదాహరించబడి పాత నిబంధనలో కనబడని వాక్యాలు వాటిలో ఉన్నాయేమో చూడమని అడిగాడు. 1947లో మృతసముద్రపు చుట్టలు దొరికాక పండితులు ఈ లేఖను ఎంతో ఆసక్తితో మళ్లీ తీసి చదివారు. పాఠం విషయంలో తనకే ప్రశ్నలున్నవాడు పాఠాన్ని సమర్థించినప్పుడు ఆ సమర్థనకు బరువు ఉంటుంది.

అతడు తప్పిన చోటు కూడా చూడాలి. యేసు మరణించలేదన్న మాటకు, ఖురాన్‌లోనే తాను మరణించే దినం గురించి యేసు పలికిన మాట ఉందని చూపడం న్యాయమైన పఠనమే. కాని కొన్ని సూరాల మొదట వచ్చే మూడేసి అక్షరాలు త్రిత్వమునకు సూచనలని, దేవుడు 'మేము' అని మాట్లాడడం కూడా అందుకేనని అనడం బలవంతపు వ్యాఖ్యానం. మన ఆదికాండంలోనుండి ఎవరైనా తమ మతానికి అలాగే అక్షరాలు ఏరుకుంటే మనం ఒప్పుకుంటామా? యెషయా 21వ అధ్యాయంలో గాడిదనెక్కినవాడు యేసు, ఒంటెనెక్కినవాడు ముహమ్మదు అన్న వాదనను తిమోతి సందర్భం చూపి తోసివేశాడు: గాడిదనెక్కినవాడు మాదీయుడైన దర్యావేషు, ఒంటెనెక్కినవాడు పారసీకుడైన కోరెషు అన్నాడు. తన గ్రంథానికి కోరిన ఆ సందర్భాన్ని ఎదుటివారి గ్రంథానికి ఇవ్వలేదు. యోహాను లేని సూరాను ఉందన్నాడు. తిమోతి ఉన్న అక్షరాలలో లేని అర్థాన్ని ఉందన్నాడు. రెండవది మర్యాదగా ఉన్నంతమాత్రాన తక్కువ తప్పు కాదు.

సంభాషణ చివర ముత్యపు ఉపమానం వస్తుంది. చీకటి ఇంట్లో ఒక ముత్యం జారిపడింది, చీకటిలో ప్రతివాడూ తన చేతిలో ఉన్నదే ముత్యమనుకుంటాడు, తెల్లవారాకే తెలుస్తుంది. ఆ ముత్యం మా చేతిలో ఉందని మా నిరీక్షణ అంటాడు ఖలీఫా. తిమోతి దానికి ఆమేన్ పలికి, మేము కూడా మీతో పాలుపొందుదుముగాక అని కలుపుతాడు. దీనిని అన్ని మతాలూ ఒకటేనన్న బోధగా ఈ మధ్య కొందరు వాడుకుంటున్నారు. ఉపమానంలో ముత్యం ఒక్కటే. మిగతా చేతుల్లో గాజుముక్కలో, రాళ్లో ఉన్నాయి. ముత్యాన్ని గుర్తించే గురుతులు ఇప్పుడే ఉన్నాయని, అవి అద్భుతములు, సత్క్రియలు అని తిమోతి వెంటనే చెప్పాడు. ఉపమానం వరకే చదివి ఆగేవారికి ఆ భాగం కనబడదు.

ముహమ్మదు గురించి అడిగినప్పుడు

ముస్లిము మిత్రుడు ఏదో ఒక రోజు తప్పక అడిగే ప్రశ్న ఇది: మా ప్రవక్త గురించి మీరేమంటారు? హైదరాబాదులోనో కర్నూలులోనో సేవ చేసే కాపరికి ఇది పుస్తకంలోని ప్రశ్న కాదు. ఖలీఫా తిమోతిని ఇదే అడిగాడు.

తిమోతి జవాబు: ఆయన సకల స్తుతికి పాత్రులు, ప్రవక్తల మార్గంలో నడిచారు. ఆ తరువాత ఒక్కొక్క కారణం చెబుతాడు. దేవుడు ఒక్కడే అని బోధించారు, చెడునుండి మళ్లించి మేలువైపు నడిపించారు, విగ్రహాలనుండి ప్రజలను వేరుచేశారు. కొందరు దీనిని ప్రవక్తగా ఒప్పుకోవడమే అంటారు, మరికొందరు రాజుకు చేసిన ముఖస్తుతి అంటారు. రెండూ తొందరపాటు చదువులే. ప్రతి మెప్పునూ ఒక నిర్దిష్టమైన క్రియకు కట్టాడు, అది కూడా ధర్మశాస్త్రం మెచ్చుకొనే క్రియకు. ఆయన మాటలను మీరు కూడా అంగీకరించాలి కదా అని ఖలీఫా వలవేసినప్పుడు, దేవుడు ఒక్కడన్న మాటను తోరాలోనుండి, ప్రవక్తలలోనుండి, సువార్తలోనుండి తాను ముందే నేర్చుకున్నానని తప్పుకోకుండానే తప్పుకున్నాడు. ఆదరణకర్త అన్నది ముహమ్మదుకు చెల్లదని, ఆ ఆత్మకు శరీరం లేదని అంతకుముందే చెప్పి ఉన్నాడు. ఖలీఫాకు తేడా తెలియకపోలేదు. మీరు ముహమ్మదును ప్రవక్తగా ఒప్పుకుంటే మీ మాటలన్నీ ఎంత అందంగా ఉండేవి అని అతడు విచారపడ్డాడంటే, బిరుదు దక్కలేదని గ్రహించినట్టే.

ఇంతవరకు నేను తిమోతి పక్షమే. మెప్పుకు తగినదానిని మెచ్చి, ఒప్పుకోలేనిదానిని ఒప్పుకోకుండా, ఎదుటివాడు గాయపడకుండా మాట్లాడడం యోహాను అధ్యాయంలో ఎక్కడా లేదు. 1930లో లాహోరులో మొదలై తరువాత హైదరాబాదుకు చేరిన హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ వంటి సంస్థలు మన ప్రాంతంలో ఈ దారినే వెతికాయి.

కాని జవాబు అక్కడ ఆగలేదు. విగ్రహాలను పూజించినవారితో మోషే కత్తితో పోరాడినట్టు ముహమ్మదు కూడా పోరాడారని తిమోతి కలిపాడు. అంతటితోనూ ఊరుకోక, దేవుడు ఆయనను ఘనపరచి రెండు మహారాజ్యాలను ఆయన పాదాల కింద ఉంచాడన్నాడు. ఒకటి పారసీకులది, వారు సృష్టిని పూజించారు గనుక. రెండవది రోమీయులది. ఎందుకట? శ్రమ, మరణం అంటని దేవునికి వారు శ్రమను, మరణాన్ని ఆపాదించారు గనుక.

ఈ వాక్యం ఎవరి మీద పడిందో చూడండి. రోమీయులంటే కల్కెదోనీయులైన సాటి క్రైస్తవులు. క్రీస్తునందు దేవుడు శ్రమపడ్డాడని అనవచ్చునా, ఎలా అనాలి అన్నది 431 ఎఫెసు సభనుండి తూర్పు సంఘానికీ వారికీ మధ్యనున్న పాత తగువు. ఆ తగువును ముస్లిం పాలకుని ముందు తెచ్చి, అతని పూర్వీకుల యుద్ధ విజయమే దేవుని తీర్పని తిమోతి వాదించాడు. సన్నిధిలో తనకు కొంత రక్షణ దొరికింది, పక్క సంఘం మీద ముద్ర పడింది. సొఫ్రోనియస్ మా పాపం అన్నాడు. తిమోతి వారి పాపం అన్నాడు. మిఖాయేలు చరిత్ర కూడా అదే మాట తన పక్షంనుండి అంటుంది. మన పాఠ్యపుస్తకం అదే మాటను తూర్పు సంఘాలన్నిటి మీదికి తిప్పుతుంది, తిమోతి సంఘం మీదికి కూడా. నోరు విప్పితే ఎగతాళి చేసిన యోహాను, ఒక సైన్యం గెలుపును సత్యానికి కొలబద్దగా ఈ అధ్యాయంలో ఎక్కడా వాడలేదన్న సంగతి అతని పక్షాన చెప్పాలి. ఒక గ్రంథాన్ని దేవుడిచ్చాడనడానికి సాక్షులెవరని అతడు అడుగుతాడు. ఎవరు గెలిచారని అడగడు.

విజయమే దేవుని ఆమోదమైతే దాని లెక్క ఎక్కడికి దారితీస్తుందో ఆ ఖలీఫా పాలనలోనే కనబడింది. ఈ సంభాషణకు కొద్దికాలం ముందే, అలెప్పో ప్రాంతంలోని తనూఖు తెగ క్రైస్తవులను అల్-మహ్దీ బలవంతంగా ఇస్లాములోకి మార్పించాడని సిరియాక్ చరిత్రకారులు వ్రాశారు. వారు తిమోతి సంఘంవారు కారు, యాకోబీయులు. లేఖలో వారి ఊసు లేదు. ఖలీఫా ఎదుట ఆ మాట ఎత్తడం ప్రాణాపాయమని మనం ఒప్పుకోవచ్చు. అయితే సెర్గియుకు వ్రాసిన లేఖలో రోమీయుల ఓటమికి చోటు దొరికి, తనూఖుకు దొరకకపోవడాన్ని భయం ఒక్కటే వివరించదు. ఓడినవారు తప్పు చేసి ఉంటారన్న సూత్రంలో వారికి చెప్పగల ఓదార్పు ఏదీ లేదు.

ఆ సూత్రం తిమోతి సంఘాన్ని కూడా వదలలేదు. 1258లో మంగోలుల నాయకుడు హులాగు బాగ్దాదును పట్టుకొని ఖలీఫాను చంపినప్పుడు, అతని భార్య దోకుజ్ ఖాతూను తూర్పు సంఘ విశ్వాసి గనుక పట్టణంలోని క్రైస్తవులను విడిచిపెట్టారు. ఆ దంపతులను కొత్త కాన్‌స్టంటైను, హెలేనాలని పొగిడిన క్రైస్తవ చరిత్రకారులున్నారు. 1295లో మంగోలు రాజు ఘాజాను ఇస్లాం స్వీకరించాడు. ఆ సంవత్సరమే చర్చీలు కూలగొట్టబడ్డాయి, తిమోతి పీఠంపై కూర్చున్న పాట్రియార్కు మూడవ యాబాలాహా పట్టుబడి దెబ్బలు తిన్నాడు.